సింహాల పేజీ

ఏ కాగితం చేతికొచ్చినా షరీఫాబీ ముందు దాన్ని వెనక్కి తిప్పుతుంది. వెనక ఏమీ లేదని తేలాకే ముందువైపు చదువుతుంది.

హిందూపురం బస్టాండు పక్క సందులో ఆమె గది. ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. బయట బోర్డు మీద ఆమె పేరు లేదు. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు అని మాత్రం ఉంది. ఆమెకు యాభై రెండేళ్ళు. బడిలో పదో తరగతి దాకా చదివింది. మిగతా చదువు కువైట్‌లో అయింది.

పదకొండేళ్ళు అక్కడ ఒక ఇంట్లో పని చేసింది. దిగిన రోజే ఆ ఇంటి యజమాని ఆమె పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. వెళ్ళిన ఆరో ఏట కడుపులో గడ్డ లేచి ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉంది. ఆ పన్నెండు రోజుల్లో యజమాని పోలీసులకు ఒక కాగితం ఇచ్చాడు. పనిమనిషి పారిపోయింది. అంతే, ఒక వాక్యం. దాన్ని కొట్టేయించడానికి ఆమెకు ఏడు నెలలు పట్టింది. ఆసుపత్రి చీటీ కావాలన్నారు. దానికి అరబ్బీ అనువాదం, అనువాదానికి ముద్ర, ముద్రకు ఇంకో ముద్ర. ఏ కిటికీ దగ్గర నిలబడినా పక్క కిటికీ చూపించేవారు.

తిరిగి వచ్చాక ఈ గది అద్దెకు తీసుకుంది. మొదట గల్ఫు పోయే ఆడవాళ్ళ కాగితాలు చూసేది. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, ఇక్కడికి వచ్చే కొరియా వాళ్ళ కాగితాలు కూడా చూస్తోంది. అందరికీ ఒకే మాట చెబుతుంది.

"పాస్‌పోర్టు ఎవురికీ ఇయ్యాకండి. నాకు గూడా. స్కాన్ చేసుకుంటా, మీ చేతిలో పెడ్తా. అంతే."

మీజమ్మకు కూడా ఈ మాట చెప్పింది. ఒకసారి కాదు.

మీజమ్మ అసలు పేరు హన్ మీజా. పెనుకొండలో కొరియా ఇంజనీర్ల హాస్టల్లో వంట చేస్తుంది. యాభై తొమ్మిదేళ్ళు. కొరియాలో సొంత ఊళ్ళో చిన్న హోటలు ఉండేది, అది మూతపడింది. ఆ వయసు వంటమనిషిని అక్కడ ఎవరూ పనిలో పెట్టుకోరు. ఇక్కడ రోజూ డెబ్బై మంది ఆమె చేతి వంట తింటారు. గిన్నెలు కడిగే ఆడవాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకుంది. పెనుకొండలో అంజనమ్మ ఇంటి మిద్దె మీద గదిలో ఉంటుంది.

ఆమె వీసా అక్టోబరు ఇరవై నాలుగుతో ముగుస్తుంది. ఆలోపు పొడిగింపు దరఖాస్తు చేరాలి. చేరకపోతే దేశం విడిచి వెళ్ళాలి. వెళితే మళ్ళీ పిలిపించబోనని హాస్టలు కాంట్రాక్టరు ముందే చెప్పాడు.

షరీఫాబీ జూలైలో పని మొదలుపెట్టింది. మూడు నెలలు చాలా ఎక్కువని అప్పుడు అనుకుంది.

మొదట ఇంటి చిరునామాకు రుజువు అడిగారు. కరెంటు బిల్లు పెట్టింది. బిల్లు అంజనమ్మ భర్త రంగయ్య పేరు మీద ఉంది. ఆయన పోయి నాలుగేళ్ళు. పోయినట్టు కాగితం తెమ్మన్నారు. ఆయన ధర్మవరంలో అన్న ఇంట్లో పోయాడు కాబట్టి ధర్మవరం వెళ్ళి కాగితం తెచ్చింది. అందులో చిరునామా ధర్మవరం అని ఉంది. ధర్మవరంలో పోయిన రంగయ్యే పెనుకొండలో ఇల్లున్న రంగయ్య అని రుజువేమిటని అడిగారు. ఇద్దరు సాక్షులను నోటరీ దగ్గరికి తీసుకుపోయింది.

తర్వాత మీజమ్మ భర్త సంగతి వచ్చింది. ఆయన కూడా లేడు. ఆయన ఇంటిపేరు వేరు, ఆమె ఇంటిపేరు వేరు. విదేశీయుల కాగితాలు చూసే జిల్లా ఆఫీసులో కిటికీ వెనక కూర్చునే లక్ష్మీకాంత్ పెన్ను కింద పెట్టాడు.

"పెండ్లయినాక ఇంటిపేరు మారల్ల కదమ్మా. మారలేదంటే పెండ్లి అయినట్టా, కానట్టా?"

"వాళ్ళ దేశంలో మారదు సార్. పుట్టిన ఇంటిపేరే సచ్చేదాకా."

"ఆ మాట రాసిన కాగితం తెప్పియ్."

"యాడినుంచి సార్?"

"వాళ్ళ దేశం నుంచి."

ఆ కాగితం కూడా వచ్చింది. ఐదు వారాలు పట్టింది. సెప్టెంబరు చివరికి ఫైలు రెండంగుళాల మందం అయింది. ఇక మిగిలింది ఒకటే. అసలు పాస్‌పోర్టును ఆఫీసులో చూపించాలి. వాళ్ళ మిషను మీద వీసా పేజీ పెడితే అడుగున ఉన్న అక్షరాల వరసను మిషను చదువుకుంటుంది. రసీదు ఇస్తారు. రసీదు చేతికొస్తే గడువు భయం లేదు. దసరా సెలవులు అయ్యాక, అక్టోబరు ఆరో తేదీన రమ్మన్నారు.

ఆరో తేదీ పొద్దున మీజమ్మ హిందూపురం వచ్చింది. ఏది ఇచ్చినా రెండు చేతులతో ఇస్తుంది, అది వాళ్ళ పద్ధతి. పాస్‌పోర్టు కూడా అలాగే ఇచ్చింది. షరీఫాబీ అలవాటుగా వెనక్కి తిప్పింది.

వెనక అట్ట మీద కుంకుమ బొట్టు ఉంది.

తెరిచింది. వీసా పేజీ నాలుగు మూలలా పసుపు. మధ్యలో, మూడు సింహాల గుర్తు మీద, వేలి ముద్రంత కుంకుమ. కింద మూలల పసుపు అక్షరాల వరస మీదికి జారి ఎండిపోయింది.

"ఇదేంది మీజమ్మా?"

"పూజ," అంది మీజమ్మ. సంతోషంగానే అంది. "అంజనమ్మ. మంచి పూజ."

షరీఫాబీ పెనుకొండకు ఫోను చేసింది.

"అంజనమ్మక్కా, పాస్‌పోర్టుకు పసుపు పూసినావా?"

"పూసినా. ఏం, రాలిపోయిందా?"

"రాలిపోల్యా. అదే బాధ."

"రాలదు. మగ్గానికి పెట్టే పసుపు అది. గట్టిగా కలిపి పెడ్తే యాడాదైనా పోదు."

"యాడాదైనా పోదా?"

"నేను కలిపితే పోదు," అంది అంజనమ్మ.

అంజనమ్మది ధర్మవరంలో మగ్గం నేసే ఇల్లు. పెళ్ళయి పెనుకొండ వచ్చినా మగ్గం వెంట తెచ్చుకుంది. కింద ముందుగదిలో ఇప్పటికీ నేస్తుంది. ఆయుధ పూజ రోజున ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ తాను దేనితో బతుకుతాడో దాన్ని తెచ్చి మగ్గం ముందు పెట్టాలి. అద్దెకున్నవాళ్ళు కూడా ఇంట్లో మనుషులే. ఆమె మెట్ల కింద నిలబడి, నీ పనిముట్టు తీసుకురా అని మీజమ్మను కేకేసింది. మీజమ్మ గరిటెలు, కత్తులు హాస్టల్లో ఉన్నాయి. ఆమె గదిలో కాసేపు వెతికింది. పాస్‌పోర్టు పట్టుకుని దిగింది.

అంజనమ్మకు అది వింతగా తోచలేదు. పుస్తకానికి పూజ చేయడం ఆమెకు తెలుసు, లెక్కల పుస్తకాలకు చేస్తారు. ఏ పేజీకి బొట్టు పెట్టాలో తెలియక అన్నీ తిప్పింది. సింహాల బొమ్మ దగ్గర ఆగింది. అది మన దేశానిది కాబట్టి అక్కడ పెట్టింది.

షరీఫాబీ పొడి గుడ్డతో తుడిచింది. దూదితో అద్దింది. రబ్బరుతో మెల్లగా రుద్దింది. కుంకుమ పరుచుకుని సింహాలు ఎర్రబడ్డాయి. ఆపేసింది.

జిల్లా ఆఫీసు కిటికీ దగ్గర లక్ష్మీకాంత్ వీసా పేజీని మిషను మీద మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ మిషను గుర్తించలేదు.

"పాస్‌పోర్టు చెడిపోయిందమ్మా. వాళ్ళ దేశపు ఆఫీసుకు పోయి కొత్తది తెచ్చుకోండి."

"పాస్‌పోర్టు బాగుంది సార్. వీసా కాగితం ఒక్కటే..."

"రెండూ ఒక పుస్తకమే కదా."

షరీఫాబీ, మీజమ్మ ధర్మవరం వెళ్ళి చెన్నై రైలెక్కారు. చెన్నైలోని కొరియా కాన్సులేటులో అధికారి పుస్తకాన్ని మర్యాదగా రెండు చేతులతో అందుకున్నాడు. ప్రతి పేజీ చూశాడు. తమ దేశపు పేజీలన్నీ శుభ్రంగా ఉన్నాయని, చెడింది ఇండియా అతికించిన కాగితమని, అతికించినవాళ్ళే చూసుకోవాలని ఒక ఉత్తరం రాసిచ్చాడు. చక్కని ఉత్తరం. షరీఫాబీ దాన్ని వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

ఆ ఉత్తరంతో పద్నాలుగో తేదీన మళ్ళీ కిటికీ దగ్గర నిలబడింది.

"కొత్త పాస్‌పోర్టు యాడమ్మా?"

"ఇయ్యరంట సార్. బాగుందంటాండారు."

"మేం తీసుకోం. బాగలేదంటాండాం."

"ఇద్దురూ ఒకసారి మాట్లాడుకోండి సార్. నేను మధ్యలో తిరగలేను."

"మేం మాట్లాడేకి లేదమ్మా. రూల్ లేదు."

కువైట్‌లో కిటికీలు ఒకే వరండాలో ఉండేవి. ఇక్కడ రెండు కిటికీల మధ్య ఒక రాత్రి రైలు ఉంది. తేడా అంతే.

హిందూపురంలో ఆమె పక్క గది సాయినాథ్‌ది. అతనిదీ ఇదే పని. ఆమె ముఖం చూసి టీ తెప్పించాడు.

"ఇంత తిప్పలెందుకక్కా? పోయిందని రాసెయ్. బస్సులో పోయిందని పోలీస్ స్టేషన్లో కాగితం తీసుకుంటే కొత్త పుస్తకం ఇయ్యకేం చేస్తారు? ఈడ అందురూ చేసేదే. ఆ పసుపు పుస్తకం పొయ్యిలో పడేస్తే ఎవురికి తెలుస్తాది?"

షరీఫాబీ టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది. అతను చెప్పింది పని చేస్తుంది. ఆమెకు తెలుసు. గడువుకు పదిరోజులే ఉన్నాయి. ఒక్క వాక్యం చాలు.

"ఒక్క వాక్యమే సాయీ," అంది. "నా మీద గూడా ఒక్క వాక్యమే రాసినారు."

"నీ మీద పగతో రాసినారు. ఇది ఆమె మంచికి రాస్తాండాం."

"రాసినాక అది మంచిదో చెడ్డదో కాగితానికి తెలీదప్పా. రేపు ఇంగో ఆఫీసోడు ఆ వాక్యం పట్టుకొని ఆమెను అడుగుతాడు. ఏ బస్సు, ఏ తేదీ, పక్కన ఎవురు కూర్చునింటిరి అని. ఆమెకు అబద్ధం ఆడేంత తెలుగు రాదు."

"అయితే ఏం రాస్తావు?"

"జరిగింది రాస్తా."

సాయినాథ్ నవ్వాడు. "జరిగింది రాస్తే ఎవురు నమ్ముతారక్కా?"

ఆమె జరిగింది రాసింది. ఒక పేజీ. పై అధికారిని కలవాలని ఇంకో పేజీ. ఆ రెండో పేజీ మీద తేదీ వేయించుకోవడానికే మూడుసార్లు వెళ్ళింది. ఒకసారి సారు మీటింగులో ఉన్నారు. ఒకసారి సారు ఉన్నారు, ముద్ర వేసే మనిషి లేడు. ఒకసారి ఇద్దరూ ఉన్నారు, కంప్యూటర్లు పని చేయలేదు. చివరికి ఇరవై రెండో తేదీ పదకొండు గంటలకు రమ్మన్నారు. పసుపు పూసిన మనిషిని కూడా తీసుకురమ్మన్నారు.

గడువుకు రెండు రోజులు.

అంజనమ్మ బస్సులో దారంతా ఒకటే గొణిగింది.

"జైల్లో పెడ్తారా షరీఫా?"

"పెట్టరు."

"పెడ్తే మగ్గం మీద చీర సగంలో ఉండాది. ఆదివారం ఇయ్యల్ల."

"అది ముందు గుర్తు రావాల్సింది. పసుపు గిన్నె పట్టుకున్నప్పుడు."

"నేనేమన్నా చెడుపు చేస్తినా? ఆయమ్మ తెచ్చి ఇచ్చె. వద్దంటే పాపం కాదా?"

"అక్కా, దయచేసి ఆడ అడిగిందానికి మాత్రమే చెప్పు."

మధ్య సీట్లో మీజమ్మ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు చేతులూ దాని మీద ఉన్నాయి.

ఈసారి కిటికీ దగ్గర ఆపలేదు, లోపలికి పిలిచారు. పై అధికారి శివప్రసాద్ నడివయసు మనిషి. అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని వీసా పేజీని చాలాసేపు చూశాడు. పక్కన లక్ష్మీకాంత్ నిలబడ్డాడు.

"ఇరవై ఏళ్ళ సర్వీసు నాది," అన్నాడు శివప్రసాద్. "చిరిగినవి చూసినాను, తడిసినవి చూసినాను, ఎలుకలు కొరికినవి చూసినాను. గవర్నమెంటు కాగితానికి పసుపు పూసేవాళ్ళను ఇప్పుడే చూస్తాన్నా. ఎవరైనా పూస్తారామ్మా అసలు?"

అంజనమ్మ బల్ల మీది స్కానింగు మిషనును చూస్తోంది. మిషను నెత్తిన మూడు పసుపు చారలు, మధ్యలో కుంకుమ బొట్టు. తీగకు ఎండిన బంతిపూల దండ.

"ఈ మిషనుకు ఎవురు పెట్టినారు సార్ పసుపు?" అంది. "నీళ్ళు ఎక్కువ పోసినారు. చూడు, ఎట్ల రాలిపోతాండాదో."

షరీఫాబీ కళ్ళు మూసుకుంది.

శివప్రసాద్ మిషను వైపు చూశాడు. తర్వాత లక్ష్మీకాంత్ వైపు చూశాడు.

"ఆయుధ పూజకు సార్," అన్నాడు లక్ష్మీకాంత్. "ప్రతి సంవత్సరం పెడ్తాం కదా. మీ టేబులుకు గూడా పెట్టినాం."

శివప్రసాద్ చేతి కింది కాగితాలు జరిపాడు. బల్ల అంచున బొట్టు ఉంది. దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమాడు. మిషను మూత తెరిచాడు. అద్దం మీద పసుపు పొడి సన్నగా రాలి ఉంది. జేబురుమాలుతో తుడిచి, వీసా పేజీ మళ్ళీ పెట్టాడు. అందరూ వంగి చూశారు.

మిషను గుర్తించలేదు.

"చెప్తి కదా," అంది అంజనమ్మ. "నేను కలిపింది పోదు."

"అక్కా!" అంది షరీఫాబీ.

శివప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం వచ్చినట్టు లేదు, పోయినట్టూ లేదు. అక్షరాల వరసను కీబోర్డు మీద చేత్తో కొట్టే వీలుంది అన్నాడు. అది తన పేరు మీద జరుగుతుంది. కాబట్టి వీసా ఎలా చెడిందో కారణం రాయాలి. కంప్యూటరు తెర తిప్పి చూపించాడు. నాలుగు కారణాలు ముందే అచ్చయి ఉన్నాయి. నిప్పు, నీరు, చిరుగు, పురుగు. ఐదోది ఇతరములు. దాని పక్కన చిన్న గడి, అరవై అక్షరాలు పడతాయి.

"నీరు అని పెట్టొచ్చు సార్," అన్నాడు లక్ష్మీకాంత్. "పసుపులో నీళ్ళు ఉంటాయి కదా."

ఆ గదిలో అతను సాయం చేయడానికి అన్న మొదటి మాట అది. షరీఫాబీ తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళు కాదు సార్. జరిగింది రాయండి. మూడు నెల్లనుంచి నేను తెచ్చిన కాగితాలన్నీ నిజమే. ఇదొక్కటి ఎందుకు?"

శివప్రసాద్ మీజమ్మ వైపు తిరిగాడు. నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి అడిగాడు.

"మీరు వంటమనిషి. పనిముట్టు అడిగితే గరిటె ఇయ్యాల. ఇది ఎందుకిచ్చినారు?"

మీజమ్మ లేచి నిలబడింది. మాటలు వెతుక్కుంది.

"గరిటె బజార్లో ఉండాది," అంది. "ఇది బజార్లో లేదు. ఇది ఉంటే ఈడ వంట. ఇది లేకుంటే గరిటె ఉండాది, వంట లేదు."

చెప్పి, కూర్చుంది.

శివప్రసాద్ కీబోర్డు దగ్గరకు లాక్కున్నాడు. ఒకసారి కొట్టాడు, అరవై దాటింది. చెరిపాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ చెరిపాడు. చివరికి ఇంగ్లీషులో ఒక చిన్న ముక్క గడిలో పట్టింది. పనిముట్ల పూజలో అంటిన పసుపు. దాని అర్థం అది. అంజనమ్మ వాంగ్మూలం రాయించి, వేలిముద్ర వేయమని సిరా డబ్బీ జరిపారు. ఆమె డబ్బీ వెనక్కి తోసి పెన్ను అడిగింది. ధర్మవరంలో ఐదో తరగతి దాకా చదివానని చెప్పి, ఒక్కో అక్షరం నొక్కుతూ సంతకం పెట్టింది.

షరీఫాబీ తెర మీద ఆ ముక్కను రెండుసార్లు చదివింది. అప్పుడు రసీదు బయటికొచ్చింది.

రసీదులో తేదీ తప్పుంది. ఇరవై రెండుకు బదులు ఇరవై ఆరు పడింది. గడువు దాటిన తేదీ. దాన్ని సరిచేయించడానికి ఇంకో రెండు గంటలు పట్టింది. మధ్యలో భోజనాల విరామం కూడా వచ్చింది.

పొడిగింపు పందొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. ఏడాదికి. ఇప్పుడు పొడిగింపును పుస్తకంలో అతికించరు, కంప్యూటరుకు ఒక కాగితం పంపుతారు. షరీఫాబీ దాన్ని అచ్చు తీసింది. వెనక్కి తిప్పింది. ముందువైపు పేరు, నంబరు, తేదీ వేలు పెట్టి చదివింది. తప్పులేదు. మళ్ళీ చదివింది. తప్పు లేకపోవడం ఆమెకు కొంచెం అనుమానంగానే అనిపించింది.

పెనుకొండ వెళ్ళి స్వయంగా ఇచ్చింది. మీజమ్మ రెండు చేతులతో అందుకుంది. మగ్గం మీద కూర్చున్న అంజనమ్మ కాళ్ళు మగ్గం కింది గుంటలోంచి పైకి తీసుకుని, చెయ్యి చాచింది.

"యాడ, ఇట్ల ఇయ్. దేవుని దగ్గర పెట్టి ఇస్తా."

షరీఫాబీ మీజమ్మ వేళ్ళను కాగితం చుట్టూ గట్టిగా మూసింది. తన సంచిలో చెయ్యి పెట్టింది. ఇలాంటిది జరుగుతుందని హిందూపురంలోనే అనుకుంది. ఇంకో కాగితం తీసి అంజనమ్మ చేతిలో పెట్టింది.

"ఇది జిరాక్సు. దీనికి పూసుకో, ఎంతైనా పూసుకో."

అంజనమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. కాగితం పైన సింహాలు ఉన్నాయి, నల్లగా. తృప్తిపడి లోపలికి వెళ్ళింది. గిన్నెలో చెంచా తిరిగే చప్పుడు వినిపించింది.

"గట్టిగానే కలుపుతాండా," అంది లోపలినుంచి.